కోట పక్కన ఇల్లు ఎవరికి?



సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు జ్ఞాపకాలు రాయాలా, కవిత రాయాలా అని చాలా ఆలోచించాం. జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ ఉంటాయి. నీళ్ళ పప్పు గురించి మన సీనియర్లు రాసినంత బాగా మేము రాయలేం. అందుకని ఈసారి పి.జి. తరగతి గదిలో మొదలై, ఏడాదిగా మా మనసులో నలుగుతున్న ఒక విషయాన్ని మీ ముందు పెడుతున్నాం. అది జరిగింది అమెరికాలో. కానీ చివరిదాకా చదివితే అది మన ఇంటి విషయమే అని మీకూ అనిపిస్తుందని మా నమ్మకం.

ఒకరోజు మా సారు బోర్డు మధ్యలో ఒక గుండ్రం గీసి 'ప్రాజెక్టు' అని రాశారు. దాని చుట్టూ మరికొన్ని గుండ్రాలు గీశారు. ప్రభుత్వం, కంపెనీ, పెట్టుబడి పెట్టినవాళ్ళు, వినియోగదారులు, స్థానికులు. వీళ్ళందరినీ 'స్టేక్‌హోల్డర్లు' అంటారని, వీళ్ళ ప్రయోజనాల మధ్య సమతూకం సాధించడమే మంచి పాలన అని చెప్పారు. వెనక బెంచీలో ఉన్న హాస్టల్ వాళ్ళం లేచి, "సార్, అక్కడ ఊడ్చేవాళ్ళు, వంట చేసేవాళ్ళు ఏ గుండ్రంలోకి వస్తారు?" అని అడిగాం. క్లాసులో కొందరు నవ్వారు. సారు నవ్వలేదు. "వెతికి చెప్పండి, వచ్చే సెమినార్ మీదే" అన్నారు. అలా మాకు అనహైమ్ అనే ఊరు దొరికింది.

నారింజ తోటల్లో వెలిసిన కోట

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్‌కు దగ్గరలో ఆరెంజ్ కౌంటీ ఉంది. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు అంతా నారింజ తోటలు. ఆ తోటలను కొని, చెట్లు తీసేసి వాల్ట్ డిస్నీ కట్టిన వినోద నగరమే డిస్నీల్యాండ్. 1955 జూలై 17న తెరిచారు. మన టీవీల్లో కార్టూన్లకు ముందు కనిపించే కోట బొమ్మ ఆ కంపెనీదే. ఆ పార్కు ఉన్న ఊరే అనహైమ్.

పార్కు వచ్చాక దాని చుట్టూ హోటళ్ళు వచ్చాయి. హోటల్ గది అద్దె మీద అనహైమ్ నగరం 15 శాతం పన్ను వసూలు చేస్తుంది. నగర ఆదాయంలో పెద్ద భాగం ఆ ప్రాంతం నుంచే వస్తుంది. అందుకే 1994లో నగరపాలకులు పార్కు చుట్టుపక్కల ప్రాంతాన్ని పర్యాటకానికి కేటాయిస్తూ ప్రత్యేక ప్రణాళిక తెచ్చారు. తర్వాత అక్కడి రోడ్లు, ఇతర వసతుల కోసం నగరం తరఫున 510 మిలియన్ డాలర్ల బాండ్లు కూడా తీశారు. ఆ డబ్బుతో కట్టిన పెద్ద పార్కింగ్ భవనాన్ని ఏడాదికి ఒక్క డాలర్ లీజుకు కంపెనీకి ఇచ్చారు. పార్కింగ్ రుసుము మాత్రం కంపెనీకే వెళుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

26 ఎకరాల తగాదా

2007లో సన్‌కాల్ అనే ఇళ్ళ నిర్మాణ కంపెనీ ఒకటి ఆ పర్యాటక ప్రాంతంలోనే, సుమారు 26 ఎకరాల్లో 1,500 ఇళ్ళు కడతానని ముందుకొచ్చింది. వాటిలో 225 ఇళ్ళు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు అందుబాటు అద్దెకు ఇస్తానంది. అందుకు జోన్ నిబంధన మార్చాలి. నగర కౌన్సిల్ మార్చడానికి ఒప్పుకుంది.

డిస్నీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. కోర్టుకు వెళ్ళింది. ఆ నిర్ణయాన్ని ప్రజల ఓటుకు పెట్టాలంటూ కంపెనీ మద్దతుతో సంతకాల సేకరణ జరిగింది. కార్మిక పక్షం వాళ్ళు, పేదలకు ఇళ్ళు కావాలనే సంఘాలు ఇళ్ళ వైపు నిలబడ్డాయి. వ్యాపార వర్గాలు ఎక్కువగా పార్కు వైపు నిలబడ్డాయి. ఊరు రెండుగా చీలింది. చివరికి ఆ ప్రణాళిక అమలు కాలేదు. 1,500 ఇళ్ళు లేవు, 225 ఇళ్ళూ లేవు.

ఇది చదవగానే మాకు కోపం వచ్చింది. అంత పెద్ద కంపెనీ 225 పేద ఇళ్ళను ఓర్చుకోలేకపోయిందా అనుకున్నాం. సెమినార్ పేపర్ కూడా ఆ కోపంతోనే మొదలుపెట్టాం. సారు చదివి, "మీరు ఒక పక్షం తరఫున వకాల్తా రాశారు. అన్ని పక్షాలూ రాసి, ఆ తర్వాత మీ అభిప్రాయం చెప్పండి" అని వెనక్కి ఇచ్చారు. అప్పుడు కొంచెం నొచ్చుకున్నాం కానీ ఆయన మాట నిజం. కాబట్టి ఇక్కడ కూడా అలాగే చేస్తాం.

ఎవరి మాటలో ఎంత న్యాయం?

మొదట పార్కు వాదన చూద్దాం. "ఈ ప్రాంతం పర్యాటకానికే అని 1994లో మాట ఇచ్చారు. ఆ మాట నమ్మి పెట్టుబడి పెట్టాం. ఒక జోన్ మారిస్తే రేపు ఇంకొకటి మారుతుంది. హోటళ్ళు రావలసిన చోట ఇళ్ళు వస్తే నగరానికి పన్ను తగ్గుతుంది" అన్నది వాళ్ళ మాట. ఇందులో నిజం ఉంది. హోటల్ పన్నుతోనే ఆ ఊళ్ళో గ్రంథాలయాలు, పోలీసులు, అగ్నిమాపక కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ ఆదాయం తగ్గితే మొదట కోత పడేది పేదలు వాడుకునే సేవల మీదే. ప్రభుత్వం ఇచ్చిన మాటకు విలువ ఉండాలన్నది కూడా కాదనలేం.

రెండోది ఇళ్ళ కంపెనీ వాదన. "పార్కులో పనిచేసేవాళ్ళకు దగ్గరలో ఇళ్ళు కావాలి, మేము కడతాం" అంది. మంచి మాటే. కానీ 1,500లో 225 అంటే 15 శాతం. మిగతా 85 శాతం మార్కెట్ ధరకు అమ్ముకునే ఇళ్ళు. పేదల పేరు చెప్పి జోన్ మార్పించుకుని, లాభం మాత్రం మిగతా ఇళ్ళ మీద చేసుకోవచ్చు. పేదవాడి భుజం మీద తుపాకీ పెట్టి కాల్చడం మన దగ్గర రియల్ ఎస్టేట్ వాళ్ళకూ తెలిసిన విద్యే. కాబట్టి ఆ కంపెనీని దేవుడిలా చూడనక్కర్లేదు.

మూడోది నగరపాలక సంస్థ. దానికి పన్ను కావాలి, ఓట్లూ కావాలి. నాలుగోది ఇప్పటికే అక్కడ ఉంటున్న జనం. వాళ్ళకు ట్రాఫిక్ భయం, బడిలో సీట్ల భయం. వీటినీ కొట్టిపారేయకూడదు.

ఇక అయిదోది పనివాళ్ళు. తెల్లవారకముందే వచ్చి నేల తుడిచేవాళ్ళు, హోటల్లో పక్కబట్టలు మార్చేవాళ్ళు, బొమ్మ వేషం కట్టి ఎండలో పిల్లలతో ఫొటోలు దిగేవాళ్ళు. తగాదా అంతా వాళ్ళ పేరు మీదే జరిగింది. కానీ నిర్ణయం మాత్రం వాళ్ళ చేతుల్లో లేదు. దానికి ఒక కారణం ఉంది. అనహైమ్‌లో సగానికి పైగా లాటినో జనం. పార్కులో, హోటళ్ళలో కష్టం చేసేవాళ్ళలో వాళ్ళు ఎక్కువ. అయినా 2016 దాకా ఆ ఊళ్ళో వార్డులవారీ ఎన్నికలే లేవు. ఊరంతా కలిసి కౌన్సిల్ సభ్యులను ఎన్నుకునేవారు. దాంతో డబ్బు, పలుకుబడి ఉన్న పేటల వాళ్ళే ఎక్కువగా గెలిచేవారు. 2012లో కొందరు కోర్టుకు వెళ్ళాక, 2014లో ప్రజలు ఓటేసి ఒప్పుకున్నాక, 2016లో మొదటిసారి పేటలవారీగా ఎన్నికలు జరిగాయి. మన పురపాలక సంఘాల్లో వార్డులవారీ ఎన్నికలను, వాటిలో రిజర్వేషన్లను 74వ రాజ్యాంగ సవరణ తప్పనిసరి చేసింది. వాటి విలువ మనం తక్కువ అంచనా వేస్తాం. అనహైమ్ కథ చదివాక వార్డు మెంబరు కుర్చీ ఎంత పెద్దదో మాకు అర్థమైంది.

ఇళ్ళు ఆగాక జరిగింది

ఇళ్ళు ఆగిపోయాయి కదా, మరి పనివాళ్ళు ఎక్కడ ఉన్నారు? 2018లో డిస్నీల్యాండ్ కార్మిక సంఘాలు చేయించిన ఒక సర్వే బయటికి వచ్చింది. సుమారు 5,000 మంది జవాబిచ్చారు. వారిలో దాదాపు నలుగురిలో ముగ్గురు తమ జీతం కనీస ఖర్చులకు చాలడం లేదన్నారు. 11 శాతం మంది గత రెండేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఉండటానికి ఇల్లు లేకుండా గడిపామన్నారు. కంపెనీ ఆ సర్వేను ఒప్పుకోలేదు. అది సంఘాలు చేయించిన సర్వే అన్నది మనమూ గుర్తుంచుకోవాలి. అందులో సగమే నిజం అనుకున్నా, రాజకుమారి కోట వాకిట్లో పనిచేసే మనిషి రాత్రికి కారులో పడుకోవడం చిన్న విషయం కాదు.

ఆ ఏడాది నవంబరులోనే అనహైమ్ ఓటర్లు ఒక చట్టానికి ఓటేశారు. నగరం నుంచి రాయితీ పొందుతున్న పర్యాటక సంస్థలు గంటకు కనీసం 15 డాలర్లు ఇవ్వాలి, ఏటా పెంచాలి అన్నది దాని సారాంశం. తమకు రాయితీ ఏదీ లేదని డిస్నీ వాదించింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న బాండ్ల సంగతి ఇక్కడికి వచ్చింది. ఆ ఏర్పాటు రాయితీ కిందకే వస్తుందని 2023లో అప్పీలు కోర్టు తేల్చింది. 2024 చివరికి 233 మిలియన్ డాలర్లు చెల్లించేలా ఒప్పందం కుదిరింది. 50 వేల మందికి పైగా ఉద్యోగులకు సంబంధించిన కేసు అది.

2024లోనే పార్కు విస్తరణకు కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. పదేళ్ళలో కనీసం 1.9 బిలియన్ డాలర్లు పెట్టుబడి పెట్టాలని, అందుబాటు ఇళ్ళ కోసం నగరానికి 30 మిలియన్ డాలర్లు ఇవ్వాలని షరతుల్లో ఉంది. 2007లో ఇళ్ళ మాట వినడానికే ఇష్టపడని చోట, 2024లో ఇళ్ళ మాట లేకుండా ఒప్పందం కుదరలేదు. ఈ మార్పు ఎవరి దయ వల్లా రాలేదు. వార్డులు వచ్చాయి, సంఘాలు నిలబడ్డాయి, లెక్కలు బయటపెట్టారు.

ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో దగ్గర కూడా ఇదే సమస్య. అక్కడ యూనివర్సల్ అనే మరో పార్కు కంపెనీ 20 ఎకరాలు ఇచ్చింది, అందులో 1,000 అందుబాటు ఇళ్ళ సముదాయం వచ్చింది. డిస్నీ కూడా 2022లో సుమారు 80 ఎకరాలు కేటాయించి 1,300కు పైగా ఇళ్ళు వస్తాయని ప్రకటించింది. అక్కడ అడ్డు చెప్పింది చుట్టుపక్కల కాలనీల వాళ్ళు. బడులు ఇప్పటికే నిండిపోయాయి, రోడ్లు చాలవు అన్నారు. అంటే ఒకచోట కంపెనీ వద్దంది, ఇంకోచోట కంపెనీ సరే అంటే ఇరుగుపొరుగు వద్దన్నారు. కారణాలు మారాయి. ఇల్లు కావలసినవాడు మాత్రం రెండుచోట్లా ఒక్కడే.

మన దగ్గర

ఇంత దూరం కథ ఎందుకు చెప్పామంటే, ఇది మన గడప దగ్గరే ఉంది. మా నాన్న తాపీ పని కూలీ. అపార్ట్‌మెంట్ కట్టినంత కాలం ఆ సైటులోనే రేకుల షెడ్డులో మా కాపురం. స్లాబులు పడి, రంగులు పడి, గృహప్రవేశాలు మొదలుకాగానే షెడ్డు పీకేసేవారు. మా బడి మారేది. ఆ బడుల బాధ పడలేకే అమ్మ మమ్మల్ని తెచ్చి ఈ హాస్టల్లో చేర్పించింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. ఆ పట్టాకు మూలం ఒకేచోట ఏడేళ్ళపాటు ట్రంకుపెట్టె కదలకుండా ఉండటమే. ఇల్లంటే గోడలు కాదు, కదలాల్సిన అవసరం లేకపోవడం అని మాకు ఇక్కడే తెలిసింది.

అలాగని మనమూ తక్కువ తినలేదు. మేము హాస్టల్లో ఉన్నప్పుడు వంట చేసే అక్క తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చేది. మొదట్లో ఈ వీధిలోనే అద్దెకు ఉండేది. అద్దె పెరిగి ఊరికి వెళ్ళిపోయింది. బస్సు రాని రోజు ఉప్మా ఆలస్యం. మనం కంచాలు పట్టుకుని వరుసలో నిలబడి విసుక్కునేవాళ్ళం. ఆమె ఎన్ని గంటలకు లేచిందో, ఇంట్లో పిల్లలు ఏం తిన్నారో ఒక్కరోజూ అడగలేదు. క్లాసులో సారును అడిగిన ప్రశ్న మొదట మనల్ని మనమే అడగాల్సింది.

పెద్ద విషయానికి వద్దాం. అమరావతిలో 2023లో సుమారు 1,400 ఎకరాల్లో 50 వేలకు పైగా పేద కుటుంబాలకు ఒక్కొక్క సెంటు చొప్పున ఇళ్ళ పట్టాలు ఇచ్చారు. అందుకోసం ఆర్-5 అనే కొత్త జోన్ తెచ్చారు. రాజధాని కోసమని నమ్మి భూములిచ్చిన రైతులు కోర్టుకు వెళ్ళారు. పట్టాలు తుది తీర్పుకు లోబడి ఉంటాయని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆగస్టులో ఇళ్ళ నిర్మాణంపై హైకోర్టు స్టే ఇచ్చింది. ఇక్కడా అదే ప్రశ్న. ముందు ఇచ్చిన మాట గొప్పదా, ఇప్పుడున్న అవసరం గొప్పదా? రైతు ఆవేదన అబద్ధం కాదు. పట్టా కాగితం మడిచి పెట్టెలో దాచుకున్న తల్లి ఆశ కూడా అబద్ధం కాదు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టిన తీరే తప్పు అని మా అభిప్రాయం. భూములు తీసుకున్న రోజునే పనివాళ్ళు ఎక్కడ ఉంటారో ప్లానులో స్పష్టంగా రాసి, అందరికీ చెప్పి ఉంటే ఈ తగాదాకు ఇంత చోటు ఉండేది కాదు.

తెలంగాణలో చూస్తే, హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళ సముదాయం ప్రారంభమైంది. సొంత ఇల్లు వచ్చిందంటే సంతోషమే. కానీ పాతబస్తీలో పాచిపని చేసుకునే మనిషికి కొల్లూరు ఎంత దూరమో మ్యాపు తీసి చూడండి. ఇల్లు వచ్చి పని పోతే, ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

మా అభిప్రాయం

ఇంత చదివాక సమతూకం అనే మాట గురించి మాకు నాలుగు విషయాలు తోచాయి.

ఒకటి, సమతూకం అంటే అందరికీ తలా ఇంత అని పంచడం కాదు. ఒకరికి లాభంలో కొంత తగ్గుతుంది, ఇంకొకరికి నిద్రపోయే చోటే లేకుండా పోతుంది. ఈ రెండింటినీ ఒకే రాయితో తూచకూడదు. ఎవరు ఎంత పోగొట్టుకుంటారు, ఎవరు ఎన్నాళ్ళు ఆగగలరు అని చూడాలి. కంపెనీ పదిహేడేళ్ళు ఆగగలిగింది. పదిహేడేళ్ళలో ఒక పనిమనిషి బిడ్డ పుట్టి ఇంటర్‌కు వస్తాడు.

రెండు, ప్రజల డబ్బు తీసుకున్నవాడు ప్రజలకు బాకీ ఉంటాడు. రోడ్డు మనది, నీళ్ళు మనవి, పన్ను రాయితీ మనది అయినప్పుడు, అక్కడ పనిచేసేవాళ్ళ ఇంటి గురించి అడిగే హక్కూ మనదే. అది భిక్ష అడగడం కాదు, లెక్క అడగడం.

మూడు, యజమాని ఇచ్చే ఇల్లు మాత్రమే పరిష్కారం అనుకోకూడదు. పని పోతే ఇల్లు కూడా పోయే ఏర్పాటు మన తాతలకు తెలుసు, దొర కొట్టంలో పాలేరు బతుకు అదే. ఓర్లాండోలో డిస్నీ ప్రకటించిన ఇళ్ళు తమ ఉద్యోగులకే కాక అందరికీ అన్నారు, అది మంచి పద్ధతి. ఇంటి తాళం, జీతం ఒకే చేతిలో ఉండకూడదు.

నాలుగు, ఇల్లంటే ఇల్లొక్కటే కాదు. బస్సు, బడి, ఆసుపత్రి లేని చోట ఇల్లు కడితే అది పట్టిక నింపడానికే. ఓర్లాండో కాలనీ వాళ్ళు బడిలో సీట్లు లేవన్నప్పుడు వాళ్ళను స్వార్థపరులని తిట్టడం తేలిక. బడి కూడా కట్టండి అని వాళ్ళతో కలిసి అడగడం మేలు. పేదల ఇళ్ళకు ఇరుగుపొరుగును శత్రువులుగా చేసుకుంటే చివరికి నష్టపోయేది పేదలే.

"అయితే పరిశ్రమలు, పార్కులు వద్దా?" అని కొందరు మిత్రులు అడిగారు. వద్దని మేము అనడం లేదు. ఆ పార్కుల్లో, హోటళ్ళలో పని దొరుకుతుందనే కదా మనవాళ్ళు పల్లెలు వదిలి వస్తున్నారు. పని కావాలి. పనిచేసే చోటికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, కనీసం ఒక బస్సు దూరంలో, తలదాచుకునే చోటు కూడా కావాలి. ఈ రెండో మాట మొదటి మాటతో పాటే, ప్లాను గీసే రోజునే చెప్పాలి. కట్టడం పూర్తయ్యాక చెబితే అప్పటికి రేకుల షెడ్డు పీకేసి ఉంటారు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చేసిన హెచ్చరిక మనందరం చదువుకున్నాం. రాజకీయాల్లో అందరికీ సమాన ఓటు వస్తోంది, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం అసమానత అలాగే ఉంది, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోవాలి అన్నది దాని భావం. అనహైమ్‌లోనూ ప్రతి సంతకానికీ ఒకే విలువ. కానీ సంతకాలు సేకరించడానికి మనుషులను పెట్టగలిగే స్తోమత అందరికీ సమానంగా లేదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో కొందరు రేపు గ్రామ సచివాలయాల్లో, మునిసిపల్ ఆఫీసుల్లో, టౌన్ ప్లానింగ్‌లో కూర్చుంటారు. కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు వార్డు సభ్యులవుతారు. మీ టేబుల్ మీదికి ఒక ఫైలు వస్తుంది. అందులో ప్రభుత్వం, కంపెనీ, స్థానికులు అని గుండ్రాలు గీసి ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, మన వంట అక్క ఇందులో ఎక్కడుందో వెతకండి. కనబడకపోతే ఆ ఫైలు వెనక్కి పంపండి. అంత అధికారం మీకు లేకపోతే, కనీసం ఆ ప్రశ్నను నోట్ ఫైల్లో రాసి పెట్టండి. ఎవరో ఒకరు చదువుతారు.

మా సెమినార్ అయ్యాక సారు మళ్ళీ బోర్డు మీద ఆ గుండ్రాలు గీశారు. ఈసారి చాక్‌పీసు మా చేతికి ఇచ్చారు. మేము ఇంకో గుండ్రం గీశాం. ఈ వార్షికోత్సవం రోజున ఆ వంట అక్కను వేదిక మీదికి పిలిచి, మొదటి కంచం ఆమెకు పెట్టాలని పూర్వ విద్యార్థుల తరఫున కోరుతున్నాం.

జై భీమ్.